పరాయి నేల మీద సొంత కొట్టు: ఖర్గపూర్ తెలుగు కుటుంబాల వ్యాపార చరిత్ర



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒడంబడికలు గుర్తుకు వస్తాయి. కాని ఒక ఇడ్లీ కొట్టుకు కూడా చరిత్ర ఉంటుంది. ఆ కొట్టు ఏ ఊళ్ళో ఉంది, అక్కడికి ఎవరు వచ్చి పెట్టారు, అది ఎవరి నేల మీద నిలబడింది, అందులో సంపాదించిన డబ్బు ఎక్కడికి పోయింది అని వరసగా అడుగుతూ వెళితే ఒక శతాబ్దపు కథ బయటపడుతుంది. ఈ ప్రసంగంలో అటువంటి కథ ఒకటి చెప్పుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని ఖర్గపూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు నడిపిన చిన్న వ్యాపారాల కథ ఇది. వింటున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. పరాయిచోట బతికే మనిషికి "సొంతం" అనే మాటకు అర్థం ఏమిటి?

రైలు కట్టిన ఊరు

బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. దానినే మనవాళ్ళు "బి.ఎన్.ఆర్." అని పిలిచేవారు. నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు ఆ కంపెనీ వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. తరువాత హౌరా వైపు, ఒడిశా వైపు మార్గాలు వేసినప్పుడు మేదినీపూర్ జిల్లాలో అవి కలుసుకునే చోటు ఖర్గపూర్ అయింది. రూప్‌నారాయణ్ నది మీద కోలాఘాట్ దగ్గర వంతెన 1900లో తెరుచుకుంది. అదే సంవత్సరం రాజమండ్రి వద్ద గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన కూడా వాడుకలోకి వచ్చింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. కలకత్తాకూ తెలుగు తీరానికీ మధ్య అడ్డుగా ఉన్న నదులు శతాబ్దం మారే వేళకు ఒక్కొక్కటే దారి ఇచ్చాయి.

దక్షిణాన కటక్ నుండి బెజవాడ వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా తెరుచుకుంది. అందులో వాల్తేరుకు ఉత్తరంగా ఉన్న భాగం 1902లో బి.ఎన్.ఆర్.లో కలిసింది. అంటే ఇచ్ఛాపురం, పలాస, విజయనగరం, వాల్తేరు, ఖర్గపూర్ ఒకే కంపెనీ చేతి కిందికి వచ్చాయి. మన కథకు ఇదే మూలం. వాల్తేరులో పనిచేసేవానికి ఖర్గపూర్ పరాయి రాష్ట్రం కాదు, తమ కంపెనీకి చెందిన మరో స్టేషను.

ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఖర్గపూర్‌లో పెద్ద వర్క్‌షాపు వెలిసింది. ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు మరమ్మతు చేసే ఆ కార్ఖానాకు వేలాది చేతులు కావలసి వచ్చాయి. ఊరంతా కంపెనీయే కట్టింది. క్వార్టర్లు, ఆస్పత్రి, బడి, బజారు అన్నీ కంపెనీవే. ఉద్యోగి హోదాను బట్టి ఇల్లు, ఇంటిని బట్టి వీధి. తరువాతి కాలంలో ఖర్గపూర్ పేరు దేశమంతటా వినిపించింది ఇక్కడి 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం వల్ల. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటే వరకు చాలాకాలం అది ప్రపంచంలోనే పొడవైనదిగా చెప్పుకోబడింది.

ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు?

ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగాలు. నేటి శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. ఈ ప్రాంతం వానల మీద ఆధారపడినది. 1866 నాటి ఒడిశా కరువు గంజాంను కూడా పీడించింది. 1876-78 కరువు మద్రాసు రాజధానిని కుదిపింది. భూమి చాలనివాడు, భూమే లేనివాడు ఊరు దాటి వెళ్ళక తప్పని పరిస్థితి. అటువంటివారికి రెండు దారులు కనిపించాయి. ఒకటి సముద్రం మీదుగా బర్మాకు. రంగూన్‌ను ఉత్తరాంధ్ర పల్లెల్లో "రంగం" అనేవారు. రెండవది రైలెక్కి ఉత్తరానికి.

ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, విజయనగరం వంటి చోట్ల నుండి మనుషులు ఖర్గపూర్ చేరారు. ఒకడు ముందు వెళ్ళి ఖలాసీగానో ఫిట్టరుగానో కుదురుకుంటే, అతని వెనుక తమ్ముడు, బావమరిది, ఊరివాడు బయలుదేరేవారు. వలస ఎక్కడైనా ఇలాగే సాగుతుంది. చేయి పట్టుకుని లాగే ఒక మనిషి అవతల ఉండాలి. మథురాకాటి వంటి రైల్వే పేటలు క్రమంగా తెలుగు మాట వినిపించే చోట్లు అయ్యాయి. ఎండాకాలంలో తెలుగువారు చేసే మాతా పూజ ఆ ఊరి పండుగల్లో ఒకటిగా నిలిచిపోయింది.

కొట్టు ఎలా పుట్టింది?

వలస వచ్చిన మనిషి భాషను నెమ్మదిగా నేర్చుకుంటాడు. నాలుకను మాత్రం అంత తేలికగా మార్చుకోలేడు. బెంగాల్ వంటలో ఆవనూనె ప్రధానం. మనవారికి నువ్వులనూనె, వేరుశనగనూనె అలవాటు. చింతపండు లేనిదే చారు లేదు, చోళ్ళు లేనిదే అంబలి లేదు. కందిపప్పు, ఎండుమిరప, అప్పడాలు, ఊరగాయలు అమ్మే మనిషి అందుచేత అవసరమయ్యాడు. కుటుంబాన్ని ఊళ్ళో వదలి ఒంటరిగా వచ్చినవారికి అన్నం పెట్టే మెస్సు అవసరమయింది. పొద్దున్నే షిఫ్టుకు వెళ్ళేవానికి ఇడ్లీ, అట్టు అవసరమయ్యాయి.

ఈ విధంగా చిన్న వ్యాపారం ఉద్యోగం నీడలో పుట్టింది. ఇంట్లో ఒకరు వర్క్‌షాపులో పనిచేస్తుంటే మరొకరు కొట్టు చూసుకోవడం దాని సహజ రూపం. మొదట కొన్నవాళ్ళు తెలుగువాళ్ళే. కాని ఇడ్లీ రుచికి భాష అడ్డం కాదు. బెంగాలీలు, ఒడియావారు, బీహారువారు కూడా వచ్చి కూర్చున్నారు. వారి దృష్టిలో దక్షిణాదివాళ్ళందరూ "మద్రాసీ"లే. ఆ పేరు నచ్చినా నచ్చకపోయినా దానితోనే గిరాకీ వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. టిఫిను కొట్టు లెక్కల్లో బియ్యం ఖర్చు ఉంటుంది, బొగ్గు ఖర్చు ఉంటుంది, పనికుర్రవాడి జీతం ఉంటుంది. తెల్లవారుజామున లేచి రుబ్బురోలు ముందు కూర్చున్న ఇల్లాలి జీతం మాత్రం ఏ ఖాతాలోనూ ఉండదు. చిన్న కుటుంబ వ్యాపారం పెద్ద వ్యాపారంతో పోటీపడి నిలిచిందంటే ఒక ముఖ్య కారణం ఈ లెక్కలో రాని శ్రమే. బడి నుండి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్లవాడి శ్రమ కూడా అందులోదే. బోర్డు మీద పేరు తాతది. కొట్టును నిలబెట్టిన చేతుల్లో నాయనమ్మ చేతులు కూడా ఉన్నాయి.

జీతం రోజు, అరువు ఖాతా

రైల్వే ఊళ్ళో కాలాన్ని కొలిచేది పంచాంగం కాదు, జీతం రోజు. జీతం పడిన వారం కొట్టు కళకళలాడుతుంది. నెలాఖరుకు అంతా అరువే. ఆనాటి కార్మికులకు జీతం ఆలస్యం కావడం పెద్ద బాధ. 1929లో నియమితమైన విట్లీ కమిషన్ కార్మికుల అప్పుల గురించి విచారించి 1931లో నివేదిక ఇచ్చింది. తరువాత వచ్చిన 1936 జీతాల చెల్లింపు చట్టం ఒక గడువు విధించింది. వెయ్యిమంది లోపు పనిచేసే చోట ఏడవ రోజులోగా, అంతకు మించితే పదవ రోజులోగా జీతం ఇవ్వాలని నిర్దేశించింది. కార్మికుని కోసం చేసిన ఈ చట్టం కిరాణా కొట్టువానికి కూడా మేలు చేసింది. బాకీ ఏ తేదీకి వసూలవుతుందో అతడు ఊహించగలిగాడు.

అరువు అంటే కేవలం అప్పు కాదు. ఎవరికి ఎంతవరకు ఇవ్వవచ్చునో తెలియడం ఒక విద్య. "మా ఊరివాడే, వాళ్ళ నాన్న నాకు తెలుసు" అనేదే అక్కడ హామీపత్రం. బ్యాంకు అప్పు ఇవ్వని మనిషికి కొట్టు అప్పు ఇచ్చింది, పేరు పోతుందనే భయం ఆ అప్పును తీర్పించింది. బెంగాలీ వ్యాపారులు ఏప్రిల్ మధ్యలో వచ్చే తమ సంవత్సరాదికి పాత బాకీలు తీర్చుకుని కొత్త పుస్తకం తెరుస్తారు. దానిని "హాల్ ఖాతా" అంటారు. మన ఉగాది కూడా ఆ దరిదాపుల్లోనే వస్తుంది. 1979-80 నుండి రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ వచ్చింది. దసరా ముందు అందే ఆ డబ్బు ఈ ఊరి కొట్లకు రెండవ పంటలాంటిది.

సమ్మె వచ్చిన నెల

ఒకే యజమాని మీద ఊరంతా బతికితే ప్రమాదం ఏమిటో 1927 చూపించింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఖర్గపూర్ కార్మికులు సమ్మె చేశారు. సెప్టెంబరులో ఉద్యోగాల కోతపై మళ్ళీ ఘర్షణ రేగి వర్క్‌షాపుకు లాకౌట్ ప్రకటించారు. ఆ పోరాటం నెలల తరబడి సాగింది. బి.ఎన్.ఆర్. కార్మిక ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి ఒకరు.

అప్పుడు కొట్టువాని ఎదుట కఠినమైన ప్రశ్న నిలిచింది. జీతం లేని మనిషికి సరుకు ఇవ్వాలా, వద్దా? ఇస్తే తన పెట్టుబడి పోతుంది. ఇవ్వకపోతే రేపు సమ్మె ముగిశాక ఎవరూ గడప తొక్కరు. చాలా సమ్మెల్లో కార్మిక సంఘానికి నిధి ఎంత ఉందన్నదే కాదు, పేటలోని కొట్లు ఎన్నాళ్ళు అరువు ఇస్తాయన్నది కూడా సమ్మె ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చింది. 1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఇదే ప్రశ్న మరో తరానికి ఎదురయింది. విచిత్రం ఏమిటంటే అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది వి.వి. గిరియే. కంపెనీ మాత్రం అప్పటికి లేదు. 1944లో బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమయింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. యజమాని మారాడు, ఊరు ఒకే యజమాని మీద ఆధారపడడం మారలేదు.

నేల ఎవరిది?

ఇక మన ప్రశ్న దగ్గరకు వద్దాం. ఖర్గపూర్‌లో ముఖ్యమైన బజారు గోల్‌బజార్. అది రైల్వే నేల మీద ఉన్నది. రైల్వే నేల మీది కొట్టుకు ఉండేది సాధారణంగా లైసెన్సు. లైసెన్సుకూ, కౌలుకూ, యాజమాన్యానికీ తేడా తెలుసుకోవాలి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షను ప్రకారం లైసెన్సు అంటే ఒక చోట ఒక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. దానివల్ల ఆ నేల మీద హక్కు పుట్టదు. సాధారణంగా దానిని మరొకరికి బదిలీ చేయడం కుదరదు. కొన్ని మినహాయింపులు తప్ప ఇచ్చినవారు వెనక్కు తీసుకోవచ్చు.

అంటే మూడు తరాలు ఒకే కొట్టులో కూర్చున్నా అది ఇంటి ఆస్తి కాదు. తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోలేరు. కూతురి పెళ్ళికి అమ్ముకోలేరు. అన్నదమ్ములు పంచుకోలేరు. పైకప్పు కురిస్తే బాగుచేయించుకోవడానికి కూడా అనుమతి కావాలి.

మరి రైల్వే హద్దు దాటి సొంతంగా కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఖరీదా, మలంచా వంటి పేటలు ఉన్నాయి. 1954లో ఖర్గపూర్ మునిసిపాలిటీ కూడా ఏర్పడింది. కొన్నవాళ్ళు కొన్నారు. కాని గిరాకీ బజారులో ఉన్నది. నేల సొంతమయిన చోట జనం తక్కువ, జనం ఉన్న చోట నేల సొంతం కాదు. ఈ రెండింటి మధ్య ఎంచుకోవడమే ఆ ఊరి చిన్న వ్యాపారి జీవితం. దీనివల్లనే చాలా కుటుంబాలు కొట్టు మీద కంటే పిల్లల చదువు మీద ఎక్కువ పెట్టాయి. లైసెన్సు రద్దు కావచ్చు, చదువు రద్దు కాదు. ఊరికి ఆనుకుని హిజ్లీలో, ఒకప్పుడు స్వాతంత్ర్య సమరయోధులను నిర్బంధించిన శిబిరంలో, 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. మొదలుకావడం ఆ ఆశకు మరింత బలం ఇచ్చింది.

సముద్రపు ఒడ్డున తోట

పరాయిచోట నేల దొరకనివాడు సొంత ఊళ్ళో కొంటాడు. ఖర్గపూర్ సంపాదన ఇంటికి మనియార్డరుగా వెళ్ళింది, తరువాత బ్యాంకు ద్వారా వెళ్ళింది. సోంపేట, కవిటి, పలాస చుట్టూ ఉన్న తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. అక్కడ కొబ్బరి, జీడిమామిడి తోటలు. "రిటైరయ్యాక ఊరికి పోయి సముద్రపు గాలి పీలుస్తాను" అనుకునే వలస మనిషికి అటువంటి తోట బ్యాంకు ఖాతా కంటే గట్టిది.

అయితే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఆ తీరాన్నే తాకింది. కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. దూరాన ఉన్న యజమానికి మరో చిక్కు. నష్టాన్ని నమోదు చేసేవారు వచ్చిన రోజున తోటలో నిలబడి చూపించేవాడు కావాలి, పాసుపుస్తకం చేతిలో ఉండాలి. బజారులో ఉన్నది తనది కాదు. తనదైనది తన కళ్ళెదుట లేదు. వలస వ్యాపారి ఆస్తి స్వభావం ఇది.

రంగం నేర్పిన పాఠం

ఖర్గపూర్ కథను బర్మా కథతో పోల్చితే మరొక సంగతి తెలుస్తుంది. అదే జిల్లాల నుండి అదే కాలంలో వెళ్ళిన తెలుగువారు రంగూన్ రేవులో కూలీలుగా, ఆపై చిన్న వ్యాపారులుగా స్థిరపడ్డారు. 1930 మేలో అక్కడ రేవు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మా భారతదేశం నుండి విడిపోయి, మొన్నటివరకు ఒకే పాలనలో ఉన్న చోటు విదేశమయింది. 1942లో జపాను దాడికి లక్షలమంది కాలినడకన వెనుదిరిగారు. మిగిలినవారికి 1964లో మరో దెబ్బ తగిలింది. నె విన్ ప్రభుత్వం మార్చిలో దుకాణాలను జాతీయం చేసింది, మేలో 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేసింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేటపేరు ఆ తిరుగుప్రయాణపు గుర్తు.

ఖర్గపూర్ తెలుగువాడు కూడా పరాయి భాష మధ్యనే బతికాడు. అతని లైసెన్సు కూడా బలహీనమే. కాని అతడు పౌరుడు. ఓటు ఉంది, కోర్టు ఉంది, సంఘం పెట్టుకునే హక్కు ఉంది. నేల లేకపోయినా నిలబడే చోటు ఉంది. ఇద్దరి మధ్య తేడా కష్టపడడంలో లేదు, రాజ్యాంగంలో ఉంది.

కంప్యూటరు తెచ్చిన చిక్కు

ఒక కొట్టును ఊహించుకుందాం. తాత పెట్టాడు, తండ్రి నడిపాడు, ఇప్పుడు మనవడు కూర్చున్నాడు. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు వచ్చింది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. తెలుగులో రాసుకున్న అరువు ఖాతాకు బదులు తెర మీద పత్రం నింపాలి. వ్యాపారం చేసే చోటుకు రుజువు జతచేయమని ఆ పత్రం అడుగుతుంది. మనవని దగ్గర ఉన్నది తాత పేరుతో ఉన్న పాత లైసెన్సు. మనుషుల మధ్య దశాబ్దాలుగా ఎవరూ అడగని ప్రశ్నను యంత్రం మొదటి రోజే అడిగింది.

రెండవ చిక్కు పేరు. మన ఇంటిపేరు ముందు వస్తుంది. పత్రంలో అది చివర రావాలి. పైగా బెంగాలీలో "వ" ధ్వనికి వేరే అక్షరం వాడుకలో లేదు. వెంకటరావు ఒక కార్డులో "బెంకట", మరో కార్డులో "భెంకట" అవుతాడు. మనిషి ఒక్కడే. కార్డుకు కార్డుకు మధ్య పేరు కలవకపోతే కంప్యూటరు దృష్టిలో ఇద్దరు. బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్ ఒకదానితో ఒకటి సరిపోయే వరకు పని ముందుకు కదలదు.

అయితే కంప్యూటరు నష్టం మాత్రమే తేలేదు. 2016లో మొదలైన యు.పి.ఐ. వల్ల చిల్లర బాధ తగ్గింది. ప్రతి అమ్మకానికీ ఒక గుర్తు మిగిలి, బ్యాంకు దగ్గర చూపించదగిన లెక్క తయారయింది. నేలను తాకట్టు పెట్టలేని వ్యాపారికి ఈ లెక్కే కొత్త హామీపత్రం కావచ్చు. ఒకప్పుడు "వాళ్ళ నాన్న నాకు తెలుసు" అన్న మాట చేసిన పని ఇప్పుడు ఖాతా వివరాలు చేస్తున్నాయి. కాని సమ్మె నెలలో అరువిచ్చిన మనసు ఆ వివరాల్లో ఎక్కడ కనిపిస్తుంది?

భాషకు దక్కిన చోటు

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. ఖర్గపూర్ తెలుగువారు తమ భాషకు గుర్తింపు కావాలని చాలాకాలం కోరారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చడానికి ఆమోదం తెలిపింది. దీనికీ కొట్టుకూ సంబంధం ఉంది. భాష తెలిసిన తరం మిగిలితేనే పాత ఖాతా పుస్తకాన్ని చదవగలిగేవారు మిగులుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం రాని మనవనికి తాత రాసిన బాకీల పట్టీ మూగది అవుతుంది.

ముగింపు

విద్యార్థులారా, మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ఖర్గపూర్ తెలుగు కుటుంబానికి నేల సొంతం కాలేదు. తోట సొంతమయినా దూరమయింది. సొంతమై నిలిచినవి మూడు: బజారులో మంచి పేరు, ఇంటిల్లిపాది చేతుల్లోని పనితనం, పిల్లల చదువు. వీటికి రిజిస్ట్రేషను ఉండదు. వీటిని ఏ తుఫానూ కూల్చలేదు. అలాగని నేల మీద హక్కు అక్కరలేదని అర్థం కాదు. ఒక తరం చేసిన కష్టం తరువాతి తరానికి అందాలంటే కాగితం మీద కూడా హక్కు ఉండాలి. అది లేక ఎన్ని కుటుంబాలు ప్రతి తరంలోనూ మళ్ళీ మొదటి మెట్టు నుండి ఎక్కవలసి వచ్చిందో చరిత్రకారులు ఇంకా రాయవలసి ఉంది.

ఆ చరిత్రలో కొంతభాగం మీరే రాయవచ్చు. మీ వీధిలో వేరే ఊరినుండి వచ్చి కొట్టు పెట్టిన కుటుంబం ఒకటి తప్పక ఉంటుంది. వారు ఏ సంవత్సరంలో వచ్చారు? మొదట ఎవరు చేయి ఇచ్చారు? కొట్టు నేల ఎవరిది? లెక్కలో రాని శ్రమ ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగి, వారు చెప్పింది రాసుకోండి. వారి దగ్గర పాత ఖాతా పుస్తకం ఉంటే చూపించమని కోరండి. శాసనాలు రాళ్ళ మీదనే ఉండవు.